ఎన్నారై సందేహాలు: పాపకు ఈఈజీ విజయవాడలోనా, అమెరికాలోనా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు డాలస్‌లో ఉన్నారు, నేనూ పాపా వచ్చే నెల వెళ్తున్నాం. పాపకు ఐదేళ్లు. ఆడుకుంటూనే ఉన్నట్టుండి ఆగిపోయి అలా చూస్తూ ఉండిపోతుంది, పిలిచినా పలకదు, కొద్ది సెకన్లలో మామూలైపోతుంది. విజయవాడ డాక్టరుగారు ఈఈజీ (ఫిట్స్ లాంటివి ఉన్నాయేమో చూసే మెదడు పరీక్ష) రాశారు. ఇక్కడ చేయిస్తే రికార్డుల్లోకి ఎక్కి అక్కడ ఇన్సూరెన్స్ రాదని మా ఆడపడుచు అంటోంది. గుండు చేయించాలా అని అమ్మ కంగారు.

జవాబు: అమ్మా, విజయవాడ సూర్యారావుపేటలోనే చేయించండి. ప్రయాణం సామాను తర్వాత సర్దుకోవచ్చు, ముందు ఇది కానివ్వండి.

మేం గుంటూరు బ్రాడీపేట నుంచి న్యూజెర్సీ వచ్చేటప్పుడు మాకూ ఎవరో ఇదే భయం పెట్టారు. అప్పట్లో అందులో కొంత నిజం ఉండేది. 2014 నుంచి ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్, పాత జబ్బు అని చెప్పి కాదనడానికి లేదు. విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి వేరు, అది మీ అత్తగారు వచ్చినప్పుడు చూసుకుందురు. మిగతా రూల్స్ మీవారి ఆఫీసు ఇచ్చే ప్లాన్ కాగితాల్లో ఉంటాయి. మగవాళ్లు అవి చదవరు, మీరే చదవండి.

మేం భయపడి మావాడి ఈఈజీ అమెరికా వచ్చాక పెట్టుకున్నాం. డిసెంబర్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది. తలకు నూనె రాయకూడదు, రాత్రి తక్కువ నిద్రపోనివ్వాలి అని కాగితం ఇచ్చారు. చదివాం కూడా. మా అత్తగారు మాత్రం చలికి పిల్లాడి మాడు ఎండిపోతోందని పొద్దున్నే కొబ్బరినూనె పట్టించారు. అర్ధరాత్రి దాకా కార్టూన్లు చూపించి మేల్కొలిపిన వాడు కారెక్కగానే నిద్రపోయాడు, ఆసుపత్రిలో దిగేసరికి హుషారు. నూనె తలకు వైర్లు సరిగా అతుక్కోలేదు, వాడు మళ్లీ కన్ను మూయలేదు. నిద్రలో రికార్డింగ్ కావాలి, మళ్లీ రండి అన్నారు. అది జనవరిలో.

ఆ జనవరి దెబ్బ మీకు అర్థం కావాలంటే డిడక్టిబుల్ తెలియాలి. ఇన్సూరెన్స్ వాళ్లు చెయ్యి కలిపేలోపు మన జేబులోంచి కట్టే మొత్తం అది. చాలా ప్లాన్లలో జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలు. డిసెంబర్ టెస్ట్‌కు పాత ఏడాది డిడక్టిబుల్, జనవరి టెస్ట్‌కు కొత్తది, రెండూ మేమే కట్టాం. పైగా ఒక్కో టెస్ట్‌కు గదికీ మెషీన్‌కూ ఆసుపత్రి బిల్లు ఒకటి, ఆ మెషీన్ గీసిన గీతలు చదివిన న్యూరాలజిస్ట్ (నరాల డాక్టరు) బిల్లు ఇంకొకటి. నెలనెలా వాయిదాలు కట్టి తీర్చాం. అందుకే ఈరోజు మా అపార్ట్‌మెంట్లలో ఎవరికి బిల్లు వచ్చినా కవరు పట్టుకుని మా ఇంటికే వస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే లెక్క కాగితాన్ని బిల్లనుకుని కట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఏం చేస్తాం!

విజయవాడలో ఇదే పరీక్ష వేల రూపాయల్లో అయిపోతుంది. రిపోర్టుతో సరిపెట్టుకోకుండా రికార్డింగ్ కూడా అడిగి తీసుకోండి, డాలస్ డాక్టరు గీతలు తనే చూస్తానంటారు. పాప అలా ఆగిపోయినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. పైసా ఖర్చులేని ఆ వీడియోకు న్యూరాలజిస్టులు చాలా విలువిస్తారు. రిపోర్టు నార్మల్ అని వస్తే ఇక ఏమీ లేదనుకోకండి, ఫిట్స్ ఉన్న పిల్లలకూ ఒక్కోసారి నార్మల్ వస్తుంది. ఏదైనా మందు మొదలుపెడితే చీటీతో సహా హ్యాండ్ బ్యాగులోనే ఉంచండి, సొంతంగా ఆపకండి.

నొప్పి ఉండదు. తలలోకి కరెంటు పంపరు, మెదడులో పుట్టే కరెంటును పైనుంచి నమోదు చేస్తారు, అంతే. లైటు మినుకుమినుకుమనిపిస్తారు. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు. చిన్నపిల్లలైతే కాగితం పంకా ఊదిస్తారు. పాపకు ఉన్నలాంటి చూపు నిలిచిపోవడం చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. కాబట్టి ఇంట్లో ముందుగానే పంకా ఊదడం ఆటలా నేర్పండి. గుంటూరు నుంచి కారులో వెళ్తారు కదా, మంగళగిరి దాటేలోపే నిద్రపోతుంది. వెనకసీట్లో పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ ఉండండి. ముందురోజు షాంపూతో తలస్నానం, ఆ తర్వాత నూనె సీసా అమ్మమ్మకు అందకుండా పెట్టండి.

మధ్యలో ఎప్పుడైనా ఒళ్లంతా కొట్టుకునే పూర్తి ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడమూ వద్దు. ఐదు నిమిషాలు దాటితే ఇండియాలో అయితే 108, అమెరికాలో అయితే 911. ఆ సమయంలో బిల్లు సంగతి నేనే ఆలోచించను, మీరూ ఆలోచించకండి.

గుండు అక్కర్లేదు, జుట్టు మధ్యే పేస్టుతో అతికిస్తారు. వెళ్లేముందు మొక్కు తీర్చుకోవాలని ఉంటే తీర్చుకోండి, గుండు మీద ఇంకా తేలిగ్గా అతుక్కుంటాయి. అమెరికాలో పిల్లల హెయిర్‌కట్‌కు ఎంత తీసుకుంటారో చూశాక ఆ లెక్క కూడా మీకే నచ్చుతుంది.