బోర్డు మీది కన్నాలు చూసి చేర్చండి

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పదకొండేళ్లుగా షార్జాలో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టు కంపెనీలో హెల్పర్‌గా చేస్తున్నాను. మా అబ్బాయి ఈసారి టెన్త్ పాసయ్యాడు. 600కు 371 వచ్చాయి, లెక్కల్లో 52. కరీంనగర్‌లో పెద్ద కాలేజీలో ఎంపీసీ చేర్పిద్దామని నా ఆశ. వాడేమో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తానంటున్నాడు. చిన్నప్పటి నుంచి కూలర్లు విప్పి బిగిస్తుంటాడు, బోరు మోటారు స్టార్టర్ పాడైతే ఊళ్లో వాణ్నే పిలుస్తారు. మా బావమరిది మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు ఐటీఐలో మాట్లాడి వచ్చాడు. నాలుగు కిలోమీటర్లే, రోజూ రానక్కర్లేదట, పరీక్షల సంగతి వాళ్లే చూసుకుంటారట. ప్రభుత్వ ఐటీఐ అయితే 28 కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. ఐటీఐ చేస్తే వాడి బతుకు కూడా నాలాగే అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: నాలాగే అవుతుందేమోనన్న భయం ముందు పక్కన పెట్టండి. హెల్పర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ తేడా ఏమిటో నాకన్నా మీకే బాగా తెలుసు, రోజూ సైటులో చూస్తున్నారు. పొద్దున వ్యాన్ దిగగానే కేబుల్ చుట్ట భుజాన వేసుకునేది హెల్పర్, నిచ్చెన పట్టుకునేదీ హెల్పరే. ఆ కేబుల్ చివర ఒలిచి, లగ్గు (చివర తొడిగే లోహపు ముక్క) నొక్కి, డ్రాయింగ్ చూసి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఏ బ్రేకర్ కింద బిగించాలో చెప్పేవాడు ఎలక్ట్రీషియన్. ఎండ ఇద్దరికీ ఒకటే. వీసా మీద రాసే పని, నెలాఖరున చేతికొచ్చే జీతం మాత్రం ఒకటి కావు. పదకొండేళ్లలో మీకు ఆ ఎలక్ట్రీషియన్ చేసే పని సగానికి పైగా వచ్చేసి ఉంటుందని నా నమ్మకం. మీకు చేతికి పని వచ్చింది, కాగితం రాలేదు.

మీ బావమరిది గారు చూపిస్తున్న దారిలో మీ అబ్బాయికి కాగితం వస్తుంది, పని రాదు. నా అభ్యంతరమల్లా అక్కడే, ఐటీఐ మీద కాదు.

ఎంపీసీ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇంటర్ చదవడంలో తప్పేమీ లేదు. లెక్కల్లో 52 వచ్చినంత మాత్రాన పిల్లవాడు మొద్దని కూడా కాదు. కానీ ఆసక్తి లేని పిల్లవాణ్ని హాస్టల్లో పెట్టి, పొద్దున అయిదింటికి లేపి రెండేళ్లు ఇంటిగ్రేషన్ చేయిస్తే ఏమవుతుందో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చెబుతుంటారు. షార్జా నుంచి మీరు పంపే డబ్బు ఫీజులకు పోతుంది, వాడికి టెన్షన్ మిగులుతుంది, చివరికి ఏదో ఒక సీటు. స్టార్టర్ బాగుచేసే కుర్రాడు తనంతట తాను ఒక దారి అడుగుతున్నాడంటే అది అదృష్టమే అనుకోవాలి. 'మా వాడికి ఏది ఇష్టమో వాడికే తెలియదండీ' అనే మాట నేను వారానికి పదిసార్లు వింటాను.

ఇక ఏ ఐటీఐ అన్నది. ఇందులో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల కింద ఒక కుర్రాడికి 'దగ్గర్లో ఉంది కదా, ఫీజు కూడా తక్కువ, చేరిపో' అని చెప్పాను. ఆ సంస్థ గేటు కూడా నేను చూడలేదు. రెండేళ్లకు సర్టిఫికెట్ వచ్చింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌షిప్ ఇంటర్వ్యూలో మోటారు ముందు పెట్టి, ఇన్సులేషన్ రెసిస్టెన్స్, అంటే కరెంటు బయటికి లీకవకుండా వైరు పూత ఎంత ఆపుతోందో, చూడమన్నారట. టేబుల్ మీద దాన్ని కొలిచే మెగ్గర్ ఉంది, పక్కనే మల్టీమీటర్ ఉంది. వీడు మల్టీమీటర్ తీసుకున్నాడు. అంతే, వెళ్లి రమ్మన్నారు. మెగ్గర్ బొమ్మ పుస్తకంలో చూశాడు కానీ దాని హ్యాండిల్ ఒక్కసారి కూడా తిప్పలేదు. తర్వాత ఒక మోటార్ వైండింగ్ షాపులో కూర్చుని మొదటి నుంచీ నేర్చుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా నాకు ఆ రెండేళ్లు గుర్తొస్తాయి.

అందుకే చూడకుండా చేర్చవద్దు. మీరు అక్కడున్నారు కాబట్టి మీ ఇంటావిడనూ అబ్బాయినీ పంపండి, బావమరిది గారిని కూడా తోడు వెళ్లమనండి. ఆయన మంచి కోరే చెప్పారు, కళ్లతో చూస్తే ఆయనే మాట మార్చుకోవచ్చు. క్లాసులు నడిచే రోజు, పొద్దున పదకొండు గంటల వేళ వెళ్లాలి. ముందుగా ఫోన్ చేసి చెప్పొద్దు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తే తాగండి, కానీ వర్క్‌షాపు చూడకుండా రావొద్దు.

ఎలక్ట్రీషియన్ వర్క్‌షాపులో గోడకు చెక్క బోర్డులు ఉంటాయి. పిల్లలు వాటి మీదే పైపులు, స్విచ్ బాక్సులు బిగించి ఇంటి వైరింగ్ నేర్చుకుంటారు. బిగిస్తారు, సార్ చూస్తారు, విప్పేస్తారు, మర్నాడు ఇంకొకడు బిగిస్తాడు. నాలుగు నెలలు పని జరిగిన బోర్డు స్క్రూల కన్నాలతో జల్లెడలా ఉంటుంది. బోర్డు నున్నగా, కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంటే ఆ వర్క్‌షాపులో పని జరగడం లేదని అర్థం. నేల మీద చూడండి: తెగిన వైరు ముక్కలు, ఒలిచిన ఇన్సులేషన్ తొక్కలు ఉండాలి. త్రీ ఫేజ్ మోటారు పక్కన దాన్ని స్టార్ట్ చేసే పెట్టె, స్టార్ డెల్టా స్టార్టర్ ఉంటే దాని మీద వేలితో గీత గీయండి. గీత పడిందంటే దుమ్ము ఉంది, ఆ స్టార్టర్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇవి చూడటానికి మీ ఇంటావిడకు ఎలక్ట్రికల్ తెలియాల్సిన పనిలేదు. పొయ్యి రాజేసి ఎన్నాళ్లయిందో బూడిద చూసి చెప్పే మనిషికి ఇదొక లెక్కా!

అక్కడి పిల్లల్ని అడగమని మీ అబ్బాయికి చెప్పండి. రెండో ఏడాది కుర్రాణ్ని పట్టుకుని, 'అన్నా, మోటారు వైండింగ్ నీ చేత్తో చేశావా, చూశావా?' అని అడిగితే చాలు. మొదటి ఏడాది వైరింగ్, ఎర్తింగ్, మీటర్లు, రెండో ఏడాది మోటార్లు, వైండింగ్, కంట్రోల్ ప్యానెల్‌లు, సోలార్ ఉంటాయి. 'సార్ పోస్టు ఖాళీగా ఉంది, వీడియోలు చూపిస్తున్నారు' అని జవాబొస్తే అది ప్రభుత్వానిదైనా సరే, ఆలోచించుకోండి. ప్రైవేటు ఐటీఐలన్నీ ఒకే తీరని నేను అనను. చక్కగా నడిపేవాళ్లు ఉన్నారు. కానీ 'రానక్కర్లేదు' అన్న మాట నోట వచ్చిన చోటికి మళ్లీ వెళ్లొద్దు. నిబంధన ప్రకారం 80 శాతం హాజరు ఉండాలి. అది లేకుండా పరీక్షకు కూర్చోబెడతామనేవాళ్లు రికార్డు ఎలా రాస్తారో మీరే ఊహించుకోండి. ప్రైవేటులోనే చేర్చాల్సి వస్తే ఇంకొకటి చూసుకోవాలి. ఆ సంస్థకు ఎలక్ట్రీషియన్ ట్రేడులో కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ గుర్తింపు (అఫిలియేషన్) ఉందా, ఎన్ని యూనిట్లకు ఉంది అన్నది ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. ఒక యూనిట్ అంటే 20 మంది. నలభై మందికి అనుమతి ఉన్నచోట వంద మందిని చేర్చుకుంటున్నారంటే సంగతి తెలిసిపోయినట్టే.

28 కిలోమీటర్లు అంటారా, స్టూడెంట్ బస్ పాస్ తీయించండి. షార్జాలో క్యాంపు నుంచి సైటుకు మీరు అంతకంటే ఎక్కువే ప్రయాణం చేస్తూ ఉండొచ్చు.

అడ్మిషన్లు టెన్త్ మార్కుల మీద, విడతల వారీగా, ఆన్‌లైన్ దరఖాస్తుతో జరుగుతాయి. ఎలక్ట్రీషియన్‌కు గిరాకీ ఎక్కువ, 371తో మొదటి విడతలో రాకపోవచ్చు కూడా. అప్పుడు కంగారుపడి మండల కేంద్రానికి పరుగెత్తవద్దు, తర్వాతి విడతలూ చివర్లో వాక్-ఇన్ అడ్మిషన్లూ ఉంటాయి. ఆప్షన్లలో ఎలక్ట్రీషియన్ తర్వాత ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడు పెట్టమనండి. అదీ రెండేళ్లే, కూలర్లు విప్పే చేతికి సరిగ్గా సరిపోతుంది. మూడోది ఫిట్టర్. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు), ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కొత్త కోర్సులు వాటిలో వచ్చాయి. మంచివే. అయితే పేరు కొత్తగా ఉందని ట్రేడు మార్చుకోవద్దు. బోరు మోటారూ ట్రాన్స్‌ఫార్మరూ ఉన్నంత కాలం ఎలక్ట్రీషియన్‌కు మన ఊళ్లలోనే పని ఉంటుంది.

చేరాక మార్కుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. సౌత్ సెంట్రల్ రైల్వే అప్రెంటిస్‌లను రాత పరీక్ష లేకుండా, టెన్త్ మార్కుల శాతాన్నీ ఐటీఐ మార్కుల శాతాన్నీ కలిపి సగటు తీసి ఎంపిక చేస్తుంది. మీవాడికి టెన్త్‌లో దాదాపు 62 శాతం ఉంది. అది ఇక మారదు, పెంచుకోగలిగింది ఐటీఐ మార్కులే. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకూ ఐటీఐ పనికొస్తుంది. జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే, రాత పరీక్షతో పాటు స్తంభం ఎక్కి చూపించాల్సి ఉంటుంది. వర్క్‌షాపుకు వెళ్లకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ ఆ స్తంభానికి నిచ్చెన వేయదు. సర్కారు కొలువు ఒక్కటే గురి పెట్టుకోవద్దని మాత్రం చెప్పండి. ఏదైనా మంచి కంపెనీలో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తే స్టైపెండ్ వస్తుంది, పూర్తయ్యాక జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఐటీఐ కాగితం కన్నా దీన్నే మేస్త్రీలు ఎక్కువ నమ్ముతారు.

'ఇంజనీరింగ్ ఇక లేనట్టేనా' అని మీ మనసులో ఉండే ఉంటుంది. తలుపు మూసుకుపోదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. బోధన మీద మనసుంటే హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ శిక్షణ సంస్థలో ఏడాది ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసి, ఐటీఐలోనే పాఠం చెప్పే ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు.

గల్ఫ్ సంగతి మీకు నేను చెప్పేదేమిటి? ఒకటి మాత్రం అంటాను: చేతికి సర్టిఫికెట్ రాగానే వీసా కోసం తొందరపడొద్దు. ఇక్కడ రెండేళ్లు పని చేసి, అనుభవం కాగితం తీసుకుని వెళ్తే ట్రేడ్ టెస్టులో చెయ్యి వణకదు. వెళ్లేటప్పుడు కూడా రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారానో, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో వెళ్లాలి. ఏజెంటు సర్వీసు చార్జీకి చట్టం పెట్టిన హద్దు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మీరు వెళ్లిన రోజుల్లో ఎంత కట్టారో నాకు రాయలేదు, నేనూ అడగను.

దరఖాస్తు నింపే ముందు ఈ వారంలోనే ఒక పని చేయించండి. టెన్త్ మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం పక్కపక్కన పెట్టి మీ అబ్బాయి పేరు, ఇంటిపేరు, మీ పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడమనండి. ముఖ్యంగా మీ పేరు మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే మెమోలో ఉందా అన్నది చూడాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోవడం తేలిక. రెండేళ్ల తర్వాత బయటపడితే ట్రేడ్ సర్టిఫికెట్ దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆ తిరుగుడు కూడా మీ ఇంటావిడ మీదే పడుతుంది.