నీళ్లు చూసే మనిషి ఒకరుండాలి

టెక్కలి

తల్లీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి, నువ్వూ నీ స్నేహితులూ కలిసి చిన్న ఆవిరి ఇంజన్ చేస్తున్నారని చెప్పింది. ఆదివారమైతే చాలు వర్క్‌షాపులోనే ఉంటున్నారట, బాయిలర్‌కి రాగి గొట్టం కూడా కొనేశారట. మన ఇంట్లో నా తర్వాత బాయిలర్ జోలికి వెళ్లే మనిషే ఉండరనుకున్నాను. సంతోషం పట్టలేక మీ చిన్నమ్మమ్మని లేపి మరీ చెప్పాను. ఆవిడ విని హాయిగా పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు. గుంటలంతా చేరి నిప్పు, నీళ్లు, ప్రెషర్ పెట్టుకుని కూర్చుంటారు, పక్కన పెద్దవాళ్లు ఒక్కరూ ఉండరు. తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంజన్ గురించి నాకు బెంగ లేదు. మొదటిసారి కాబట్టి ఊగే సిలిండర్ ఇంజనే చెయ్యండి. సిలిండర్ అటూ ఇటూ ఊగుతూ ఆవిరి దారిని తనే తెరుస్తుంది, తనే మూస్తుంది. వాల్వుల గొడవ ఉండదు. ఫ్లైవీల్, అంటే ఇంజన్ తిప్పే బరువైన చక్రం, దాని కోసం బజార్లన్నీ తిరగక్కర్లేదు, బుడితి వెళ్లండి. సారవకోట మండలంలో ఇత్తడి, కంచు పనికి ఆ ఊరికి పెట్టింది పేరు. చెక్కతో నమూనా చేసుకుని పట్టుకెళ్లి, పోత పోసి ఇమ్మని అడగండి. కంచు వద్దు, ఇత్తడే చెప్పండి. కంచులో తగరం ఎక్కువ, గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, లోహాన్ని తిప్పుతూ కోసే లేతు మీద మిమ్మల్ని ఏడిపిస్తుంది. ఇంజన్ పూర్తయ్యాక ముందు కంప్రెసర్ గాలితో, తక్కువ ప్రెషర్‌లో నడిపి చూసుకోండి. గాలితో సాఫీగా తిరగని ఇంజన్ ఆవిరితోనూ తిరగదు.

లేతు దగ్గరికి వెళ్లేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టు. జడ ముడి వేసుకో. తిరిగే లేతు దగ్గర చేతికి గ్లౌజులు కూడా వద్దు, గుడ్డ కొస అందితే చాలు, చెయ్యి మొత్తం లాగేస్తుంది. ఈ ఒక్క విషయంలో "ఏం కాదులే తాతయ్యా" అన్నావంటే నాకు నిజంగానే కోపం వస్తుంది. నీ జడ ఎంత పొడుగో నాకు తెలుసమ్మా.

ఇక బాయిలర్. పాత కుక్కర్, స్ప్రే డబ్బా లాంటివాటితో చేద్దామని మీలో ఎవరైనా అంటే అక్కడితో ఆపించు. రాగి గొట్టం కొన్నారు, మంచిది. మూడు అంగుళాల గొట్టమైతే 16 గేజ్ మందం, అంటే రేకు సుమారు 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు మూతలూ బల్లపరుపుగా ఉంటే ప్రెషర్‌కి బయటికి ఉబ్బుతాయి, కాబట్టి ఆ మూత నుంచి ఈ మూత దాకా లోపల స్టే రాడ్ వెయ్యాలి. జాయింట్లన్నీ సిల్వర్ బ్రేజింగే, అంటే వెండి కలిసిన రాడ్ కరిగించి అతికించడం. రేడియో రిపేరు వాళ్లు వాడే సీసం టంకం మంట దగ్గర పనికిరాదు, 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది. సిల్వర్ రాడ్ కాడ్మియం లేనిది అడిగి తీసుకో, ఉన్నదాని పొగ ఊపిరితిత్తులకు విషం. అతుకు బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్ తెల్లగా పేరుకుంటుంది, దాన్ని, నల్లటి మసిని వదిలించడానికి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు చాలు, యాసిడ్ జోలికి పోవద్దు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నన్ను నిద్ర పోనివ్వనిది వేరే ఉంది.

1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలింది. ఆ మరుసటి ఏడాదే బెంగాల్‌లో బాయిలర్లను తనిఖీ చెయ్యాలని చట్టం తెచ్చారు. 1923లో దేశమంతటికీ ఒకటే చట్టం వచ్చింది. నేను పనిచేసిన మిల్లుకి ఏటా ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. బాయిలర్ చల్లార్చి, లోపల నీళ్ల వల్ల గట్టిగా పేరుకున్న పొలుసంతా గోకి, ఆయన కోసం సిద్ధంగా ఉంచేవాళ్లం. లైటు పట్టుకుని లోపలికి దూరి, సుత్తితో రేకుని తడుతూ చప్పుడు వినేవాడు. ఆయన సంతకం పెడితేనే మళ్లీ నిప్పు వేసేది. మీది 25 లీటర్ల కంటే చాలా చిన్నది కాబట్టి చట్టం కిందికే రాదు, మీ దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చిన్నది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఆయన చేసే పని కూడా మీ మీదే పడిందని అర్థం చేసుకో.

మా చిన్నప్పుడు నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో మొదలైన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఇప్పుడు పెద్ద లైను అయిపోయింది. టెక్కలి స్టేషన్లో బండి ఆగినప్పుడు డ్రైవర్ నన్ను ఒకసారి ఇంజన్ ఎక్కనిచ్చాడు. నిప్పు వైపు చూస్తుంటే నా తల పట్టుకుని పక్కకి తిప్పి, బాయిలర్‌లో నీటి మట్టం తెలిపే గాజు గొట్టం చూపించాడు. అందులో నీళ్లు సన్నగా వణుకుతూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. "ఇది ఆడుతున్నంతసేపు భయం లేదు" అన్నాడు. ఆ మాట విలువ మిల్లులో తెలిసింది.

అది విజయనగరం వైపు ఓ జూట్ మిల్లు. లాంకషైర్ బాయిలర్, బొగ్గు. దానికి అలాంటి నీటి గాజు గొట్టాలు రెండుండాలి. ఒకటి పగిలితే, కొత్తది వచ్చేదాకా దాన్ని కట్టేసి ఉంచారు. రెండో గాజుకి కింది కాక్‌లో, అంటే కుళాయిలో, పొలుసు పేరుకుని దారి మూసుకుపోయింది. అలా మూసుకుపోతే ఏమవుతుందో జాగ్రత్తగా చదువు. లోపల నీళ్లు తగ్గినా గాజులో తగ్గవు. పైనుంచి వచ్చే ఆవిరి చల్లబడి నీరై అందులో చేరుతూనే ఉంటుంది. చూసేవాళ్లకి సగం గాజు నిండుగా కనిపిస్తుంది. నిండుగానే ఉంటుంది, కానీ కదలదు.

షిఫ్టు మారేటప్పుడు గాజుని బ్లో చెయ్యాలి. కింద డ్రెయిన్ తెరిస్తే నీళ్లు పోవాలి, మూయగానే ఎగిరి వచ్చి నిలబడాలి. నా జోడీ మంచి పనిమంతుడు, నాకంటే సీనియర్. ఆ పొద్దున దిగిపోయేవాడు "అరగాజు ఉంది" అన్నాడు, ఇతను తలెత్తి చూశాడు, ఉంది. పుస్తకంలో రాసేశాడు. ఆ దారిన వెళ్లిన ఫిట్టర్ చూశాడు, సూపర్‌వైజర్ చూశాడు. అందరికీ అరగాజు కనబడింది. కాక్ మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

కాసేపటికి కొలిమి పైరేకు మీద నీళ్లు లేకుండా పోయాయి. అక్కడ ఒక ప్లగ్ ఉంటుంది, నీళ్లు తగ్గితే దాని మధ్యలోని లోహం కరిగి ఆవిరి నిప్పులోకి దూకుతుంది. అది కరిగింది. ఆ క్షణాన నా జోడీ తలుపు తెరిచి బొగ్గు విసురుతున్నాడు. ఆవిరీ నిప్పూ కలిసి అతని మీదికే వచ్చాయి. నేను వెనక బొగ్గు తోస్తున్నాను, అతన్ని ఇవతలికి లాగాను. ఎవడో పంపు వైపు పరిగెత్తాడు. మా మేస్త్రి వాడి చొక్కా పట్టుకుని ఆపేశాడు. ఎర్రబడ్డ రేకు మీద చల్లని నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై బాయిలరే పేలుతుంది. నిప్పు మీద తడి బూడిద కప్పించాడు. మిల్లు మిగిలింది. నా జోడీ కూడా బతికాడు. కానీ కాలిన అతని చేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. భోజనాల దగ్గర అతనికి అన్నం కలిపి పెట్టింది నేనే. అందుకే ఇంతగా రాస్తున్నాను తల్లీ.

మీ గాజు వేలంత ఉంటుంది. గొట్టం మరీ సన్నదైతే నీటి బొట్టు మధ్యలో ఇరుక్కుని లేని మట్టం చూపిస్తుంది. కాబట్టి కాస్త వెడల్పుది పెట్టండి, కింద డ్రెయిన్ కాక్ తప్పకుండా పెట్టండి, నిప్పు పెట్టే ప్రతిసారీ తెరిచి మూసి చూడండి. నీళ్లు గాజులో కనబడకపోతే నీళ్లు పంపొద్దు. బర్నర్ తీసేసి, బాయిలర్ చల్లారేదాకా దూరంగా కూర్చోండి.

మీరు గుంపుగా చేస్తున్నారు కాబట్టి నా భయం ఇంకా ఎక్కువ. నువ్వు చూశావనుకుని వాడు, వాడు చూశాడనుకుని నువ్వు. 1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో, ఆవిరి ఇంజన్లు చేసిన రిచర్డ్ ట్రెవిథిక్ బాయిలర్ పేలింది కూడా ఇలాగే. ఇంజన్ చూసుకోవాల్సిన కుర్రాడు పని ఇంకొకరికి అప్పజెప్పి చేపలు పట్టడానికి పోయాడు. ప్రెషర్ మించితే ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ లేవకుండా బిగించి ఉన్న సంగతి ఆ రెండోవాడు పట్టించుకోకుండానే ఇంజన్ ఆపేశాడు. మనుషులు పోయారు. ఆ తర్వాతే ట్రెవిథిక్ రెండు సేఫ్టీ వాల్వులూ, కరిగే సీసం ప్లగ్గూ పెట్టడం మొదలుపెట్టాడు. మీరూ రెండు వాల్వులు పెట్టండి. నిప్పు పెట్టే రోజు ఒకరి పేరు పైకి చెప్పి, నీళ్లు చూసే పని వాళ్లకే ఇవ్వండి. వాళ్లు వీడియో తియ్యకూడదు, నూనె వెయ్యకూడదు, ఫోన్ ఎత్తకూడదు. లేవాల్సి వస్తే మనిషి పేరు పిలిచి అప్పజెప్పాలి, తీసుకున్నవాళ్లు డ్రెయిన్ తిప్పి చూసుకునే కూర్చోవాలి. స్నేహితుల మధ్య ఇదేం పద్ధతి అని నవ్వితే నవ్వనివ్వు.

నిప్పు కంటే ముందు బాయిలర్‌కి చల్లని నీళ్ల పరీక్ష ఉంది. గాలితో మాత్రం చెయ్యొద్దు. నొక్కిన గాలి బాయిలర్ చీలితే ముక్కల్ని విసిరికొడుతుంది, నీళ్లయితే కారి ఊరుకుంటాయి. బాయిలర్‌ని అంచుదాకా నింపి, వంచి తట్టి, బుడగలన్నీ పోగొట్టండి. చేతి పంపుతో మెల్లగా ఎక్కించండి. మీరు చదరపు సెంటీమీటరుకి 2 కేజీల ప్రెషర్‌లో నడుపుతామంటే 4 దాకా వెళ్లాలి. పొడి న్యూస్‌పేపర్ ముక్క ప్రతి జాయింటు మీదా అద్ది చూడండి, చెమ్మ తగిలితే పేపరే చెప్తుంది. ప్రెషర్ గేజు ముల్లు అరగంట కదలకుండా నిలబడాలి.

ఆ పరీక్షకి గేజు కొత్తది కొన్నా సరే, నా దగ్గరున్న గేజుతో పోల్చకుండా నమ్మొద్దు. తేదీ అనుకోగానే చెప్పు, పొద్దున్న బస్సుకే శ్రీకాకుళం వచ్చేస్తాను. పనంతా మీరే చేసుకోండి, నేను దేనిమీదా చెయ్యి వెయ్యను, పక్కన కూర్చుంటాను. మీ చిన్నమ్మమ్మ అందరికీ పులిహోర కట్టి పంపుతానంటోంది, ఎంతమందో రాయి. సిల్వర్ రాడ్లకి డబ్బు చాలకపోతే అక్కడ పొదుపు చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యి.

నీ చిన్నతాత