మైన్‌క్రాఫ్ట్ గేమ్ చేసిన మోజాంగ్ కంపెనీని మైక్రోసాఫ్ట్‌కు ఎందుకు అమ్మేశారు?
డబ్బుకు ఆశపడి అమ్మారని హన్మకొండలో మా తమ్ముడు, వాడి దోస్తులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. అదే గేమ్‌లో ఒక్కో బ్లాక్ పేర్చి వేయిస్తంభాల గుడి కట్టిన పిల్లలు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ డబ్బొక్కటే కారణం కాదు. 2014 జూన్‌లో, నలుగురూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకునే సర్వర్లు నడిపేవాళ్లు ఆటగాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడంపై కంపెనీ రూల్స్ బిగించేసరికి అభిమానులు మండిపడ్డారు, ఆ తిట్లన్నీ గేమ్ సృష్టికర్త మార్కస్ పెర్సన్ మీదే పడ్డాయి, డెవలప్‌మెంట్ బాధ్యత 2011 చివర్లోనే వేరేవాళ్లకు అప్పజెప్పినా సరే. విసిగిపోయి, నా వాటా ఎవరైనా కొంటారా అని ట్విట్టర్‌లోనే అడిగాడు. సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకు డీల్ కుదిరింది. డబ్బు కోసం కాదు, మనశ్శాంతి కోసమని వెళ్తూ రాశాడు. నేనైతే నమ్ముతాను. ముగ్గురు వ్యవస్థాపకులూ అప్పుడే కంపెనీ వదిలేశారు.