కిరీటం గొడవ గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

2009 నాటి మిస్ యూఎస్ఏ అందాల పోటీ వివాదం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం సాఫీగా నడిచింది, ఆవేశంలో కల్తీ లేదు. అయితే చదవడం పూర్తయ్యేసరికి నాకు కనబడింది స్వలింగ వివాహం మీద జవాబిచ్చి గొడవలో చిక్కుకున్న పోటీదారు క్యారీ ప్రెజాన్ ఒక్కతే, అదీ బోనులో నిలబెట్టిన ప్రెజాన్. ఇద్దరు ఆడవాళ్లకైనా, ఇద్దరు మగవాళ్లకైనా పెళ్లి చేసుకునే హక్కు ఉండాలన్నదే నా నమ్మకం కూడా. మన మాట నెగ్గాలని గట్టిగా కోరుకుంటున్నాను కాబట్టే నీతో ఇంత పేచీ పెట్టుకుంటున్నాను.

ముందు ఆమె జవాబు సంగతి చూద్దాం. ఏప్రిల్ 19న లాస్ వేగస్ వేదిక మీద, న్యాయనిర్ణేతల్లో ఒకరైన బ్లాగర్ పెరెజ్ హిల్టన్ ఆమెను ఒక ప్రశ్న అడిగాడు. స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన నాలుగో రాష్ట్రం వెర్మాంట్, మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాలా అని. పెళ్లి స్త్రీపురుషుల మధ్యే జరగాలి, నన్ను అలాగే పెంచారు అన్న ముక్క ఒక్కటే నువ్వు తీసుకున్నావు. దానికి ముందు ఆమె ఇంకో మాట అంది. ఏ పెళ్లి కావాలో ఎంచుకునే వీలు అమెరికన్లకు ఉండటం గొప్ప విషయమని. ఆ మాట ఎందుకు వదిలేశావు? ఆమె మీద పాఠకుడికి సానుభూతి కలుగుతుందనా?

అసలు విషయం అక్కడే ఉందమ్మా. ఆమె మిస్ కాలిఫోర్నియా. అంతకు ఐదు నెలల ముందే, 2008 నవంబరు 4న, కాలిఫోర్నియా ఓటర్లు తమ ముందు ఓటింగుకు పెట్టిన ప్రొపొజిషన్ 8 అనే ప్రతిపాదనను 52 శాతం ఓట్లతో గెలిపించి, స్వలింగ జంటలకు అప్పటికే ఉన్న పెళ్లి హక్కును తీసేశారు. వేదిక మీద ఆమె మెచ్చుకున్న స్వేచ్ఛ ఆమె సొంత రాష్ట్రంలోనే లేదు. తెలియక అందో, కంగారులో నోటికొచ్చింది అందో నువ్వు తీర్పు చెప్పకు. ఆమె అన్న రెండు మాటలూ పూర్తిగా రాసి, పక్కనే ఆ తేదీ ఉంచు. మిగిలింది పాఠకుడు చూసుకుంటాడు.

హిల్టన్ ఆ తర్వాత ఒక వీడియోలో ఆమెను బూతుమాటతో తిట్టాడు. నువ్వు దాన్ని అరవాక్యంలో దాటేశావు. మన పక్షంవాడు తిట్టినా తిట్టు తిట్టే. ఆమె గెలవలేదు, రెండో స్థానంలో నిలిచింది. ఆ తిట్టు లేకపోతే ఆమె పేరు ఇంతగా మోగేది కాదని నా అభిప్రాయం. కొద్ది రోజుల్లోనే స్వలింగ వివాహాన్ని వ్యతిరేకించే సంస్థ ఒకటి తన ప్రచార ప్రకటనలో ఆమెను వాడుకుంది.

ఒబామా ప్రస్తావనే నీ వ్యాసంలో లేదు. ప్రొపొజిషన్ 8ను ఆయన వ్యతిరేకించాడు, నిజమే. కానీ పెళ్లంటే స్త్రీపురుషుల మధ్య బంధమనే 2008 ఎన్నికల్లో చెప్పాడు, 2012 మే దాకా ఆ మాట మార్చుకోలేదు. ఆ అందాల పోటీ యజమాని డొనాల్డ్ ట్రంప్ మిస్ కాలిఫోర్నియా కిరీటాన్ని ఆమెకే ఉంచుతూ, ఆమె మాటా ఒబామా మాటా ఒకటేనన్న పోలికే ఎత్తాడు. నెల తిరగకముందే, ఒప్పందం ఉల్లంఘించిందంటూ ఆ కిరీటం తీసేయించిందీ ఆయనే. ఆమె అర్ధనగ్న ఫోటోల గొడవకు నువ్వు రెండు పేరాలు ఇచ్చావు. అవి తీసెయ్. ఒక ఆడపిల్ల దేహాన్ని అడ్డం పెట్టుకుని నెగ్గే వాదన మనకు వద్దు.

ఆ చోటులో రాయవలసింది వేరే ఉంది. అదే ఏడాది మే 26న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రొపొజిషన్ 8 చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయితే అది గెలవకముందే జరిగిన సుమారు 18,000 స్వలింగ పెళ్లిళ్లు కూడా చెల్లుతాయంది. ఒకే వీధిలో రెండు జంటలను ఊహించు. ఒక జంట 2008 అక్టోబరులో సంతకాలు పెట్టింది. రెండో జంట, ఒకరి అమ్మ ప్రయాణం కుదరక, డిసెంబరులో చేసుకుందామని ఆగింది. మొదటివారు చట్టం దృష్టిలో దంపతులు, రెండోవారు కారు. టీవీల్లో కిరీటం గురించి అరుచుకుంటున్న రోజుల్లో ఇలాంటి ఇళ్లలో ఏం మాట్లాడుకుని ఉంటారు? నీ వ్యాసం ఆ ఇళ్ల గుమ్మం తొక్కలేదు.

అమెరికాలో గ్యాలప్ సంస్థ సర్వేల్లో స్వలింగ వివాహాన్ని సమర్థించినవారు 1996లో 27 శాతం, 2009లో 40, 2021లో 70. ఇంతమంది తిట్లకు భయపడి మారారంటే నేను నమ్మను. కొడుకో, మేనకోడలో, పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషో తన సంగతి ధైర్యంగా చెప్పుకోవడం వల్లనే చాలామంది మనసు కరిగిందనుకుంటాను.

నిన్ను చదివేది తెలుగువాళ్లు. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు నిరాకరించిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న జంటే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. తమవారి మధ్య 2021లోనే వేడుక చేసుకున్నారు, చట్టంలో మాత్రం ఒకరికొకరు ఏమీ కారు. ‘నన్ను అలాగే పెంచారు’ అన్న మాట మన ఇళ్లలో ఎంతమంది మనస్ఫూర్తిగా అంటారో నీకు తెలుసు. వాళ్లు మొదటి పేరాలోనే పత్రిక మూసేస్తే నువ్వు ఎవరి కోసం రాసినట్టు?

తిరగరాయి. ఆ రెండు జంటల పేరాతో మొదలుపెట్టు, ప్రెజాన్ తర్వాత వస్తుంది. ఆ భాగం పూర్తవగానే మిగతాది అయ్యేదాకా ఆగకుండా నాకు పంపు.

నీ శ్రేయోభిలాషి