ఉప్పు నీళ్లలో డీజిల్ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మాది కాకినాడ, జగన్నాథపురం దగ్గర. ఉప్పుటేరులో బోటు ఇంజన్లు కడిగినప్పుడల్లా నీళ్ల మీద డీజిల్ తెట్టు రంగురంగులుగా తేలుతుంది. ఉప్పు నీళ్లలో ఇలాంటివి పెద్దగా కరగవట, కాబట్టి మంచినీళ్ల చెరువుకి జరిగినంత నష్టం ఇక్కడ జరగదట. నిజమేనా అండీ?

జవాబు: మొదటి మాట నిజమేనండీ. రెండోది మాత్రం కాదు.

బీరువాలో పెట్టే కలరా ఉండలు చూసే ఉంటారు. వాటిని చేసే నాఫ్తలీన్ డీజిల్లోనూ ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో అది కరిగేదే సుమారు 31 మిల్లీగ్రాములు, లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పుండే సముద్రపు నీళ్లలో అందులోనూ దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. ఎందుకంటే ఉప్పు కరిగినప్పుడు వచ్చే సోడియం, క్లోరైడ్ అయాన్లు చుట్టూ ఉన్న నీటి అణువుల్ని గట్టిగా తమవైపు లాక్కుంటాయి, ఇక నూనె జాతి అణువుకి ఆ నీళ్లలో చోటు దొరకడం ఇంకా కష్టమవుతుంది. స్కూల్ ల్యాబ్‌లో సబ్బు చేసినప్పుడు చివర్లో ఉప్పు వేయగానే సబ్బు తెల్లగా విడిపోయి పైకి తేలడం గుర్తుందా, అదీ దాదాపు ఈ కోవలోదే.

దీనికి లెక్క కట్టినాయన రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ సెచెనోవ్. ఉప్పు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎంత కరుగుతుందో కొలుస్తూ 1889లో ఆ సూత్రం ఇచ్చారు: ఉప్పు ఒక్కో మెట్టు పెరిగిన కొద్దీ కరిగే గుణం ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. అన్ని లవణాలూ ఒకేలా పనిచేయవు. సోడియం సల్ఫేట్ మామూలు ఉప్పు కంటే గట్టిగా బయటికి నెడుతుంది, కరగడాన్ని పెంచే లవణాలు కూడా కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లు పట్టుకోనిది మాయమైపోదు కదా! కొంత గాలిలోకి లేస్తుంది (ఎండలో జెట్టీ దగ్గర ముక్కుకి తగిలే వాసన అదే), కొంత అడుగు బురదలోని కుళ్లిన ఆకుల మడ్డికి అంటుకుంటుంది, ఇంకొంత రొయ్యలు, పీతలు, చేపల కొవ్వులోకి చేరుతుంది. ఉప్పు పెరిగితే ఈ మూడు వైపులకీ తోపుడు ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. వానాకాలంలో ఏటికి మంచినీళ్లు వచ్చి ఉప్పదనం తగ్గితే, బురద పట్టుకున్నదాంట్లో కొంత తిరిగి నీళ్లలోకి రావచ్చు కూడా. అందుకే సీసాడు నీళ్లు పరీక్ష చేసి "తక్కువే ఉంది" అంటే నాకు ధైర్యం రాదు.

ఈసారి నమూనా తీసేవాళ్లు వస్తే అడుగు బురద కూడా తీసుకెళ్లమని పట్టుబట్టండి. బోటు అడుగున చేరే నూనె నీళ్లని ఏట్లో తోడిపోయకుండా డబ్బాల్లో పట్టి ఒడ్డుకి చేర్చమని మీవాళ్లకి చెప్పండి.