పచ్చసొనలో పచ్చ ఎక్కడుంది?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లోనే ఎగ్‌నాగ్ (గుడ్లు, పాలు, క్రీము కలిపి చేసే తియ్యటి పానీయం) చేద్దామనుకున్నాం. మా అబ్బాయి తెలుగు చదవడం నేర్చుకుంటున్నాడు కదా, పనిలో పని అని వంటకం తెలుగులో రాసిచ్చాను. "6 గుడ్ల పచ్చసొన" దగ్గర వాడు ఆగిపోయాడు. "పచ్చ అంటే గ్రీన్ కదమ్మా, ఇది ఎల్లో" అన్నాడు. మావారేమో "పచ్చిసొన అని రాయబోయి పచ్చసొన అని రాసుంటావు" అన్నారు. ఏది సరైనది? పసుపుసొన అంటే తప్పా? ఇంకొకటి. 'టెంపర్ ది ఎగ్స్' అన్నదాన్ని ఫోన్లో అనువాదం చేస్తే "గుడ్లకు తాలింపు పెట్టండి" అని వచ్చింది. దానికి మనకు మాట లేదా?

సమాధానం: మీరు రాసిందే సరైనది, పచ్చసొనే. మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. మీవారి సవరణ మాత్రం ఒప్పుకుంటే వంటే మారిపోతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

పచ్చ అంటే గ్రీన్ ఒక్కటే అని మనకు బడిలో రంగుల చార్టు నేర్పింది. ఇంట్లో మాట అలా లేదు. పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్లు ఆకురంగులోకి మారవు. పెళ్లికూతురిది దబ్బపండులాంటి పచ్చని ఛాయ అంటే ఎవరూ కంగారుపడరు. పచ్చచామంతులు, పచ్చకామెర్లవాడికి పచ్చగా కనిపించే లోకం, ఇవన్నీ పసుపువైపు. పచ్చని చేను, పచ్చబొట్టు, నవరత్నాల్లో పచ్చ, ఇవి ఆకువైపు. రైల్వే గార్డు ఊపేది పచ్చజెండా. 1982లో తెలుగుదేశం పార్టీ పుట్టాక పచ్చ కండువా అన్నా, పచ్చ చొక్కా అన్నా పసుపు రంగే. ఒకే పేపర్లో ఈ రెండూ పక్కపక్కన వచ్చినా చదివేవాడు తడబడడు.

తేడా చెప్పి తీరాల్సి వస్తే ముందు ఒక మాట చేరుస్తాం: ఆకుపచ్చ, చిలకపచ్చ, పసుపుపచ్చ. ఈ మూడోదాన్ని మీ అబ్బాయికి చూపించండి. పసుపు కూడా ఒకరకం పచ్చే అని ఆ మాటే చెబుతోంది. పచ్చ అంటే ఆకురంగు మాత్రమే అయితే పసుపుపచ్చ అనే మాట పుట్టేదే కాదు.

అసలు ఈ ధాతువుకు మొదటి పట్టు రంగు మీద కాదు, లేతదనం మీద, తడి మీద అని నాకనిపిస్తుంది. పచ్చి, పచ్చిక, పసరు, పసి, పసిమి, పసిడి, పసుపు అన్నీ ఒక ఇంటివే. ఆకు పిండితే వచ్చేది పసరు, ఒళ్లో ఉన్నది పసిపాప, మెరిసేది పసిడి. కన్నడంలో పదం మొదటి పకారం హకారమైంది కాబట్టి వాళ్లకు ఆకుపచ్చ హసిరు, పచ్చిది హసి. తమిళంలో పచ్చై ఆకురంగుకు స్థిరపడిపోయింది. పసుపు రంగుకు మంజళ్ ఉంది కాబట్టి పచ్చసొనను వాళ్లు మంజళ్ కరు అంటారు. మనం రెండు రంగులనూ ఒక గూట్లోనే ఉంచుకున్నాం.

ఇంగ్లీషు మాట కచ్చితంగా ఉంది, మనదే గజిబిజి అనుకోనక్కర్లేదు. యోక్ అన్న మాట కూడా పాత ఇంగ్లీషులో ఎల్లోకు పుట్టిన బిడ్డే. గుడ్డులోని పచ్చనిది అనే దాని అర్థం. వాళ్లూ రంగు చూసే పేరు పెట్టారు, మనమూ అంతే.

పసుపుసొన అంటే తప్పు అనను, కానీ అవసరం లేదు. పైగా వంటకంలో పసుపు అని కనపడితే తెలుగువాళ్ల చెయ్యి పోపులపెట్టె మీదకు పోతుంది. పాలలో అరచెంచా పసుపు వేసి తాగే అలవాటు కూడా ఉన్నవాళ్లం మరి.

సొన గురించి ఒక్క మాట. దీన్ని సోన అని దీర్ఘమిచ్చి రాసేవాళ్లు ఎక్కువయ్యారు. సోన అంటే ఆగకుండా పడే వాన. గుడ్డులోదీ, మామిడికాయ ముచ్చిక విరిస్తే కారి చేతులు పొక్కించేదీ సొన.

ఇక మీవారి సవరణ. ఆయన అనుమానానికి ఆధారం లేకపోలేదు. పచ్చకర్పూరం తెల్లగా ఉంటుంది. అక్కడ పచ్చ అంటే రంగు కాదు, పచ్చితనం. కానీ గుడ్డు దగ్గర పచ్చసొన వేరు, పచ్చిసొన వేరు. పచ్చిసొన అంటే ఉడకనిది, అందులో తెల్లదీ రావచ్చు, పచ్చదీ రావచ్చు. ఎగ్‌నాగ్‌లో ఈ తేడా చిన్నది కాదు. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే జబ్బుచేసే బాక్టీరియా భయం ఉంటుంది కాబట్టి గుడ్డు, పాలు కలిపి 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయమని అమెరికాలో ఆహార భద్రతవాళ్లు చెబుతారు. ఆ కాగితంలో ఒక్క గుడి పొరపాటున పడితే, కాచాల్సిందాన్ని పిల్లాడు కాచకుండా తాగేస్తాడు.

తాలింపు సంగతికి నవ్వొచ్చింది గానీ, తప్పంతా ఫోనుది కాదు. ఇంగ్లీషులో వంటలు రాసే మనవాళ్లే పోపును టెంపరింగ్ అని రాసి దాన్ని నమ్మించారు. గుడ్ల విషయంలో ఆ మాటకు అర్థం వేడికి మెల్లగా అలవాటు చేయడం. దీనికి తెలుగులో ఒంటి మాట లేదు, ఒకటి తయారుచేసి పెట్టినా పిల్లాడికి పని జరగదు. చేసే పని చెబితే చాలు. 'ఫోల్డ్' (నురగ అణగకుండా మెల్లగా కలపడం) అన్నచోట కూడా జాగ్రత్త, అదే ఫోను "తెల్లసొనను మడవండి" అనగలదు. అలాగే క్రీమును మీగడ అనకండి. కాచిన పాల మీద కట్టే తరక మీగడ, మీరు డబ్బాలోంచి పోసేది క్రీము. చిలకడం పెరుగుకు, గుడ్డుకైతే గిలకొట్టడం.

ఎగ్‌నాగ్‌ను ఎగ్‌నాగ్ అనే ఉంచండి. నాగ్ అనేది ఇంగ్లండులో నార్ఫక్ వైపు ఒకప్పుడు తాగిన గట్టి బీరు పేరు. ఈ పానీయానికి పేరు అక్కడినుంచే వచ్చిందని ఎక్కువమంది అంటారు. గుడ్డుపాలు అని పేరు పెడితే, కసరత్తు చేసే కుర్రాళ్లు ముక్కు మూసుకుని తాగే పాలే గుర్తొస్తాయి మనకు.

మీ కాగితంలో ఆ భాగాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"6 గుడ్ల పచ్చసొన, తెల్లసొన విడదీయాలి. పచ్చసొనలో అరకప్పు పంచదార వేసి రంగు తేలేదాకా గిలకొట్టాలి. 2 కప్పుల పాలు, కప్పు క్రీము కలిపి పొగలు వచ్చేదాకా వేడిచేయాలి, పొంగనివ్వకూడదు. ఆ వేడి పాలను పచ్చసొనలో గరిటెడు గరిటెడు పోస్తూ, చెయ్యి ఆపకుండా కలపాలి. ఒక్కసారే పోస్తే గుడ్డు ఉడికి ఉండలు కడుతుంది. అంతా మళ్లీ గిన్నెలోకి తీసి, సన్నమంట మీద థర్మామీటరు 71 డిగ్రీలు చూపించేదాకా తిప్పాలి. వడకట్టి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లసొన కలపాలంటే పాశ్చరైజ్ చేసిన గుడ్లే వాడాలి. దాన్ని నురగ నిలబడేదాకా గిలకొట్టి, ఆ నురగ అణగకుండా అడుగునుంచి పైకి తిప్పుతూ కలపాలి. రమ్ము పెద్దవాళ్ల గ్లాసుల్లోనే. తాగేముందు పైన జాజికాయ తురమాలి."