పాప వైద్యం కోసం ఘట్‌కేసర్ స్థలం అమ్మేయాలా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అని తేలింది. ప్రత్యేకమైన పాలపొడి జీవితాంతం వాడాలన్నారు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే ఉంటాను. ఘట్‌కేసర్‌లో ఉన్న స్థలం అమ్మి డబ్బు చేతిలో పెట్టుకోమంటున్నారు అత్తగారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: అమ్మా, స్థలం ఇప్పుడే అమ్మకండి. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాళ్లు ధర తెగ్గోస్తారు. పైగా ఇది ఒక ఆపరేషన్‌తో తీరే ఖర్చు కాదు. నెలనెలా పాలపొడి, రక్తపరీక్షలు ఉంటాయి. మనం తినే ప్రోటీన్‌లో ఉండే లూసిన్ వంటి మూడు అమైనో ఆమ్లాలను పాప శరీరం అరిగించుకోలేదు. మామూలు జ్వరానికే అవి రక్తంలో పెరిగి మెదడును దెబ్బతీయవచ్చు, రాత్రికి రాత్రి అడ్మిట్ చేయాల్సి రావచ్చు. అందుకని ఆరు నెలల పాలపొడికి, ఒక అడ్మిషన్‌కి సరిపడా డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా బ్యాంకులో ఉంచండి.

ఈ వారమే పంజగుట్ట నిమ్స్‌కి వెళ్లండి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 కింద నిమ్స్, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. పాప జబ్బు ఆ విధానం జాబితాలో ఉంది. 2022 సవరణ ప్రకారం ఒక్కో రోగికి 50 లక్షల వరకు సాయం అందవచ్చు. ఆ డబ్బు మీ చేతికి రాదు, వైద్యం చేసే ఆ ప్రత్యేక కేంద్రానికే వెళ్తుంది. ఆమోదం వెంటనే రాకపోవచ్చు, కాబట్టి ఫైలు ఆలస్యం చేయొద్దు. పాలపొడి విదేశాల నుంచి తెప్పించాల్సి వస్తే, సొంత వాడకానికి 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం లేదు. జిల్లా వైద్యాధికారి ధ్రువపత్రం కావాలి.

మీవారి ఆఫీసు గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలో పాప పేరు ఉందో లేదో రేపే హెచ్‌ఆర్‌ని అడగమనండి. ఇలాంటి పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల వెయిటింగ్, అంటే ముందే ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వడానికి కొన్నేళ్లు ఆగాలన్న షరతు, ఉండదు. ఉద్యోగం మారేటప్పుడు జీతం కంటే ముందు ఇది చూసుకోవాలి. విడిగా పాలసీ తీసుకుంటే జబ్బు సంగతి దాచకండి. వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదు. జన్యు జబ్బు అన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లోనే కంపెనీలకు చెప్పింది. పాలపొడి ఖర్చు మాత్రం మామూలుగా ఏ పాలసీలోనూ రాదు.

పాప పేరిట చైల్డ్ ప్లాన్ (పొదుపు, బీమా కలిసిన పాలసీ) తీసుకోమని ఎవరన్నా వద్దనండి. ఆ ప్రీమియంతో మీవారికి పెద్ద టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, తీసుకోండి. మీకూ ఒకటి కావాలి. గ్రాముల లెక్కన పాప తిండి చూసేది మీరు. మీరు లేకపోతే ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి, అది చిన్న ఖర్చు కాదు.

ఇంకో మాట. ఈ జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది, అందులో మీ తప్పేమీ లేదు. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని అంటుంటే ఈ వాక్యం చూపించండి. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే, ముందే జన్యు సలహా తీసుకుని, గర్భంలో చేసే పరీక్షలకు కూడా డబ్బు పక్కన పెట్టండి.

నిమ్స్‌లో ఏమన్నారో, పాలపొడికి నెలకు ఎంతవుతోందో రాయండి. టర్మ్ పాలసీ ఎంతకు తీసుకోవాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను.